సన్‌రైజ్ ల్యాండ్‌స్కేప్‌కి డైనమిక్ రేంజ్ బాగున్న సిస్టమ్ ఏది? నికానా, సోనీనా, కేననా, ఇంకేదైనానా?

బెల్లందూర్_భాస్కర్ · #1

అందరికీ నమస్తే. చానా రోజులుగా మీ చర్చలు సదువుతా ఉన్నా, పోస్టు పెట్టడం ఇదే మొదలు. మాది ప్రొద్దుటూరు సైడు, ఉద్యోగం బెంగళూరులో. కెమెరా కేనన్ 700డీ. లెన్సులు 18-55, 10-18, 50 ఎఫ్1.8.

నేను తీసేదంతా కొండలు, కోటలు. నంది హిల్స్, స్కందగిరి, సావనదుర్గ, ఊరికి పోయినప్పుడల్లా గండికోట. సమస్య ఒకటే. పొద్దున పూట ఆకాశం సరిగ్గా వచ్చేట్టు తీస్తే లోయంతా నల్లగా మూసుకుపోతాది, లోయ కనపడేట్టు తీస్తే ఆకాశం తెల్లగా ఎగిరిపోతాది. అంటే వెలుగూ నీడా రెండూ ఒకే ఫ్రేములో పట్టుకునే డైనమిక్ రేంజ్ సాలడంలా. రా (RAW, సెన్సార్ ముడి డేటా) ఫైల్‌లోనే తీస్తా. లైట్‌రూమ్ సాఫ్ట్‌వేర్‌లో షాడోస్ లాగితే, అంటే నీడల్ని వెలుతురు చేస్తే, రాళ్ల మీద ఎర్ర చుక్కలు, గీతలు గీతలుగా నాయిస్. గండికోట రాయే ఎర్రది, దాని మీద ఈ ఎర్ర చుక్కలు పడితే చూడబుద్ధి కాదు.

బడ్జెట్ బాడీ, వైడ్ లెన్స్ కలిపి రెండు లక్షలు, గట్టిగా పిండితే రెండుంపావు. సెకండ్ హ్యాండ్ అయినా పర్లేదు. వీడియో వద్దు, పక్షులు వద్దు, పెళ్లిళ్లు అస్సలొద్దు. యూట్యూబ్‌లో ఒకాయన సోనీ అంటాడు, ఇంకొకాయన నికాన్ ఐఎస్ఓ 64 అంటాడు, ఆఫీసులో సీనియర్ ఒకాయన ఫుల్ ఫ్రేమ్ ఎందుకప్పా, అంతకంటే పెద్ద సెన్సార్ ఉండే ఫ్యూజీ మీడియం ఫార్మాటే కొనుక్కో అంటాడు. యాడ మొదలుపెట్టాలో తెలీడంలా.

నైట్‌మోడ్_నాని · #2

బ్రో, నంది హిల్స్‌లో పక్కనోడి ఫోన్ చూడు. ఒక్క నొక్కుడు, ఆకాశం ఉంటది లోయ ఉంటది మన మొహం కూడా ఉంటది 😂 రెండు లక్షలు మిగిలినట్టే.

పాత_నికాన్ · #3

నాని గారూ నవ్వుకోడానికి బానే ఉంది గానీ ఫోన్ చేసేది ఒక్క ఫోటో కాదండీ, నొక్కిన క్షణంలో తక్కువ ఎక్స్‌పోజర్‌తో చాలా ఫ్రేములు తీసి వాటిని ఒకదాని మీద ఒకటి సర్ది కలుపుతుంది. ఫోన్ తెర మీద అద్భుతం. దాన్నే రెండడుగుల ప్రింటు వేయించి గోడకి పెట్టి చూడండి, గడ్డి గడ్డిలా ఉండదు, రంగు పూసినట్టు ఉంటుంది.

భాస్కర్ గారూ, మీ నాయిస్‌కి కారణం మీరు కాదు, మీ కెమెరా తరం. పాత కేనన్లలో సెన్సార్ మీద పడ్డ వెలుతురు అనలాగ్ సిగ్నల్‌గా బయటికొచ్చి వేరే చిప్‌లో డిజిటల్‌గా మారేది. ఆ దారిలో చేరిన నాయిస్ మొత్తం షాడోస్‌లో కూర్చుంటుంది, మీకు కనిపించే గీతలు అవే. సోనీ సెన్సార్లలో ఆ మార్పిడి సెన్సార్ మీదే, ఒక్కో కాలమ్ దగ్గరే జరిగిపోయేది. 2012లో నికాన్ డీ800 వచ్చింది, అందులో సెన్సార్ సోనీదే. సెన్సార్లని కొలిచి అంకెలిచ్చే డీఎక్స్ఓ టెస్టులో దాని డైనమిక్ రేంజ్ 14.4 స్టాపులు, అదే ఏడాది వచ్చిన కేనన్ 5డీ మార్క్ 3కి 11.7. మీ 700డీ కూడా 11 చిల్లర దగ్గరే ఆగుతుంది. ఒక్కో స్టాపు అంటే వెలుతురు రెట్టింపు కదా, మూడు స్టాపులంటే ఎనిమిది రెట్ల తేడా అండీ. నేను 2014 మోడల్ డీ810 ఇప్పటికీ వాడుతున్నా, బేస్ ఐఎస్ఓ (కెమెరా మామూలుగా వాడే అతి తక్కువ ఐఎస్ఓ) 64, నాకింకా మార్చాలనిపించలేదు.

కేనన్_కుమార్ · #4

వచ్చేశారా మాస్టారూ 😀 5డీ మార్క్ 3 లెక్క ఇంకా ఎన్నేళ్లు చెప్తారు? 2016లో 80డీ, 5డీ మార్క్ 4 వచ్చినప్పుడే కేనన్ కూడా ఆ మార్పిడిని సెన్సార్ మీదికి తెచ్చేసింది. అదే డీఎక్స్ఓలో 5డీ మార్క్ 4కి 13.6, ఆర్5కి 14.6. నికాన్ డీ850కి 14.8. ఈ 0.2 స్టాపు కోసం కొట్టుకుంటామా?

భాస్కర్, నీ బడ్జెట్‌కి కేనన్ ఆర్8 చూడు. ఆర్6 మార్క్ 2లో ఉన్న 24 మెగాపిక్సెల్ సెన్సారే, బ్యాటరీ కార్డు కలిపినా అర కేజీ లోపు. బాడీలో స్టెబిలైజేషన్ (చేతి వణుకు సరిదిద్దేది) లేదు, కానీ ట్రైపాడ్ మీద పెట్టేవాడికి అది ఉన్నా ఆపుకోవాల్సిందే కదా. అడాప్టర్ వేస్తే నీ పాత లెన్సులు కూడా పడతాయి.

కవిత_కేఆర్‌పురం · #5

కుమార్, పడతాయి అంటే ఎలా పడతాయో కూడా చెప్పు. ఆయన 18-55, 10-18 రెండూ క్రాప్ లెన్సులు, అంటే చిన్న సెన్సార్‌కి చేసినవి, ఫుల్ ఫ్రేమ్ బాడీకి తగిలిస్తే మధ్య భాగమే వాడుకుంటుంది, 24 మెగాపిక్సెల్ కాస్తా 9 దగ్గరికొస్తుంది. ఇప్పుడున్న 18 కంటే తక్కువ. పనికొచ్చేది ఆ 50 ఒక్కటే. అంటే భాస్కర్‌కి ఏ బ్రాండైనా కొత్తగా మొదలే, పాత లెన్సుల కోసం కేనన్‌లోనే ఉండాలన్న లెక్క ఇక్కడ లేదు.

ఇంకో మాట, ఆర్5 లాంటి వాటిలో తక్కువ ఐఎస్ఓల దగ్గర రా ఫైల్‌లోనే కొంచెం నాయిస్ రిడక్షన్ జరిగిపోయి ఉంటుంది, ఫోటాన్స్ టు ఫోటోస్ సైట్ చార్టుల్లో దానికి వేరే గుర్తు పెట్టి చూపిస్తారు. ఫోటో పాడైపోతుందని కాదు, అంకె చూసేటప్పుడు గుర్తుంచుకోవాలంతే. అసలు ఆ అంకెలన్నీ ఫోటోని చిన్నది చేసి కొలిచినవి, డీఎక్స్ఓ అయితే 8 మెగాపిక్సెల్‌కి కుదించి లెక్కేస్తుంది. ఇప్పుడొచ్చే మంచి ఫుల్ ఫ్రేమ్ బాడీల మధ్య తేడా చాలావరకు అర స్టాపు లోపే, ఆ అర స్టాపు మనం ఎక్స్‌పోజర్ పెట్టడంలోనే పోగొట్టుకుంటాం.

కాబట్టి కొనే ముందు మీ సీన్‌కి ఎన్ని స్టాపులు కావాలో కొలవండి. స్పాట్ మీటరింగ్ (ఒక చిన్న చోటు వెలుతురునే కొలిచేది) పెట్టి, ఐఎస్ఓ, అపెర్చర్ కదపకుండా, ఆకాశంలో మీకు వివరం కావాల్సిన అత్యంత వెలుగు భాగం మీద రీడింగ్ తీసుకోండి, సూర్యుడి మీద కాదు, పక్కన మబ్బు మీద. తర్వాత లోయ నీడ మీద. ఉదాహరణకి మబ్బు 1/1000, లోయ 1/4 వచ్చాయనుకోండి, మధ్యలో 8 స్టాపులు. మీటర్ దేన్ని చూస్తే దాన్ని మిడ్ గ్రే (నలుపు తెలుపుల మధ్య బూడిద రంగు) చేయాలనుకుంటుంది కాబట్టి మబ్బుని అక్కడి నుంచి 3 స్టాపులు పైకి నెట్టొచ్చు, అంటే 1/125 పెడతారు, హైలైట్స్ అంచుదాకా వస్తాయి కానీ పోవు. అప్పుడు లోయ మిడ్ గ్రే కంటే 5 స్టాపుల కింద ఉంటుంది. నీడ నీడలా కనపడాలి కాబట్టి మొత్తం 5 లాగక్కర్లేదు, 3 లేదా 4 చాలు. 700డీలో 4 స్టాపులు లాగితే మీరు చెప్పిన ఎర్ర చుక్కలే. ఇప్పటి సెన్సార్లో బేస్ ఐఎస్ఓ దగ్గర తీసి 4 లాగితే శుభ్రంగా వస్తుంది. మీ అప్‌గ్రేడ్‌కి అసలు కారణం ఇదీ, బ్రాండ్ కాదు.

గుట్టల_మల్లేశ్ · #6

అందరు కొనుమనే చెప్తున్నరు, ఉన్నదానితోని ఏం చేయొచ్చో ఎవ్వరు చెప్తలేరు. అన్నా, నీ 700డీల బ్రాకెటింగ్ ఉంది, వేరే వేరే ఎక్స్‌పోజర్ల మూడు ఫ్రేములు, రెండేసి స్టాపుల గ్యాప్ దాకా పోతది. ట్రైపాడ్ మీద పెట్టు, రెండు సెకన్ల టైమర్ పెట్టు, మూడు తీయ్, లైట్‌రూమ్‌ల హెచ్‌డీఆర్ మెర్జ్ కొట్టు, మూడింటిని ఒకటి చేస్తది. వచ్చేది డీఎన్‌జీ ఫైలే, మళ్ల రా లెక్కనే ఆడుకోవచ్చు. నేను రామనగర గుట్టల మీద, అంతర గంగ దగ్గర గట్లనే తీస్త, నా దగ్గర క్రాప్ బాడీనే ఉంది. పైసలు మిగుల్తయి, పెట్రోల్‌కొస్తయి.

ఇంకోటి, మ్యాజిక్ లాంటర్న్ అని కేనన్‌కి ఒక బయటి సాఫ్ట్‌వేర్ ఉంటది, 700డీకి కూడా దొర్కుతది. అందుల డ్యూయల్ ఐఎస్ఓ అని ఉంటది, ఒకే ఫ్రేముల కొన్ని లైన్లు ఐఎస్ఓ 100ల, కొన్ని 800ల తీస్తది. షాడోస్ మస్తు శుభ్రమైతయి, రెజల్యూషన్ జర తగ్గుతది. మనోళ్లు దాన్ని మర్చేపోయిన్రు. కంపెనీ ఇచ్చింది కాదు, పెట్టుకుంటే నీ బాధ్యతనే.

బెల్లందూర్_భాస్కర్ · #7

కవిత మేడమ్, మీరు చెప్పినట్టు కొలిచి సూస్తా, ఇట్ల ఎవరూ చెప్పలేదు నాకు.

మల్లేశన్నా, బ్రాకెటింగ్ చేస్తానే ఉన్నా. ఇబ్బంది యాడొస్తాదంటే గాలి. గండికోట అంచు మీద పొద్దున్నే గాలి ఎట్ల కొడతాదో పోయినోళ్లకి తెలుసు. రాళ్ల సందుల్లో గడ్డి, కంపచెట్లు ఒక్కో ఫ్రేములో ఒక్కో తావున ఉంటాయి, మెర్జ్ చేస్తే దయ్యాలు పట్టినట్టు రెండు మూడు కొమ్మలు. డీఘోస్ట్ పెడితే ఆ ముక్క మటుకు ఒకే ఫ్రేము నుంచి తీసుకుంటాది, మళ్లీ అదే నాయిస్. నంది హిల్స్‌లో అయితే మబ్బు కదులుతా ఉంటాది, రైలింగ్ దగ్గర జనం ట్రైపాడ్ కాలు తంతానే ఉంటారు. అందుకే ఒకే ఫ్రేములో అయిపోతే బాగుండునని.

జీఎన్‌డీ ఫిల్టర్ (సగం నల్లగా, సగం తేటగా ఉండే గాజు) కూడా ఒక ఫ్రెండుది తెచ్చి సూసినా. లోయ అంచు ఒక పక్క పైకి ఇంకో పక్క కిందికి, ఫిల్టర్ గీత మటుకు తిన్నగా. కుడి పక్క కొండ మొత్తం నల్లబడింది.

గుట్టల_మల్లేశ్ · #8

గాలి సంగతి నిజమే అన్నా, దానికి మందు లేదు. జీఎన్‌డీ గిట్ల చెన్నై బీచుల పనికొస్తది, సముద్రం మీద గీత సక్కగుంటది. గుట్టలకు కాదు.

మీడియం_ఫార్మాట్_మూర్తి · #9

మీ ఆఫీసు సీనియర్ చెప్పింది తప్పేం కాదు. నేను ఫ్యూజీ జీఎఫ్ఎక్స్ 50ఆర్ వాడుతున్నాను, 2018 మోడల్, 51 మెగాపిక్సెల్, సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాను. సెన్సార్ 44 బై 33 మిల్లీమీటర్లు, ఫుల్ ఫ్రేమ్ కంటే విస్తీర్ణం 1.7 రెట్లు దాదాపు. ఎక్కువ వెలుతురు పడుతుంది, ఎక్కువ రేంజ్, అంతే ఫిజిక్స్. ఆకాశంలో రంగులు ఒకదాన్లోంచి ఒకటి మారే తీరు చూస్తే మళ్లీ ఫుల్ ఫ్రేమ్ ముట్టుకోరు. 4:3 ఫ్రేమ్ కూడా ల్యాండ్‌స్కేప్‌కి చాలా హాయి, నిలువు ఫోటోలకైతే మరీ.

పాత_నికాన్ · #10

మూర్తి గారూ, ఆ ఫిజిక్సే ఇంకో అడుగు ముందుకి వేద్దామండీ. 1.7 రెట్లంటే 0.7 స్టాపు. మీ 50ఆర్ బేస్ ఐఎస్ఓ 100. నికాన్ డీ810, డీ850, జడ్7 వీటి బేస్ ఐఎస్ఓ 64, అంటే బేస్ దగ్గర ఒక్కో చదరపు మిల్లీమీటరు మీద ఒకటిన్నర రెట్లు పైగా వెలుతురు పట్టుకోగలవు, అదీ 0.6 స్టాపు దాకా వస్తుంది. ఒకటి పెద్ద సెన్సార్‌తో సంపాదిస్తే ఇంకొకటి ఎక్కువసేపు షట్టర్ తెరిచి సంపాదిస్తుంది. చివరికి ఇద్దరూ ఒకే చోటికి వస్తారు. 100 మెగాపిక్సెల్ జీఎఫ్ఎక్స్‌ల మాట వేరు, వాటికి తేడా ఉంది, ఒప్పుకుంటా, కానీ అవి ఈ బడ్జెట్‌లో లేవు కదా.

పైగా ముందున్న రాయి నుంచి వెనక కొండ దాకా ఫోకస్ కావాలంటే ఫుల్ ఫ్రేమ్‌లో ఎఫ్8 చాలిన చోట మీకు ఎఫ్10 కావాలి. గాలికి గడ్డి కదలకుండా షట్టర్ స్పీడ్ నిలపాలంటే ఐఎస్ఓ పెంచుతారు. పెంచిన క్షణం పెద్ద సెన్సార్ లాభం పోయింది. భాస్కర్ గారి గోల గాలే కదా.

మీడియం_ఫార్మాట్_మూర్తి · #11

కాగితం మీద లెక్కలు బాగానే ఉంటాయి సార్. ప్రింటు పక్క పక్కన పెట్టి చూద్దాం రండి ఒకసారి.

పాత_నికాన్ · #12

తప్పకుండా. కాఫీ మీది.

కేనన్_కుమార్ · #13

మూర్తి గారి బ్యాగ్ నేనొకసారి మోశా స్కందగిరిలో, సగం సిమెంటు బస్తా ఎత్తినట్టుంది. ఆయన 32-64 లెన్సే 875 గ్రాములు, అదీ ఫుల్ ఫ్రేమ్ లెక్కలో 25-51తో సమానం, అంటే సరైన వైడ్ కూడా కాదు. ఇంకా వైడ్‌కి 23 ఎంఎం ప్రైమ్ (జూమ్ లేని లెన్స్) తీసుకుంటే, అది ఇంకో 845. నికాన్ 14-30 ఎఫ్4 మొత్తం 485 గ్రాములు. నేను కేనన్ మనిషినే, అయినా ఆ లెన్స్ విషయంలో నికాన్ వాళ్లు బాగా చేశారు, ముందు గాజు ఉబ్బి ఉండదు, 82 ఎంఎం ఫిల్టర్ నేరుగా బిగించుకోవచ్చు.

కవిత_కేఆర్‌పురం · #14

నేను సోనీ ఏ7ఆర్ 3 వాడుతున్నాను కాబట్టి దాని మంచీ చెడూ రెండూ చెప్తా.

మంచి: 2017 బాడీ అయినా 42 మెగాపిక్సెల్, డైనమిక్ రేంజ్‌లో ఇప్పటివాటికి ఏమీ తీసిపోదు. లెన్సులు బోలెడు, సిగ్మా, టామ్రాన్ అందరూ చేస్తారు. నా టామ్రాన్ 17-28 ఎఫ్2.8 బరువు 420 గ్రాములే, ఫిల్టర్ 67 ఎంఎం కాబట్టి ఫిల్టర్లు కూడా చవక. కేనన్ ఆర్ఎఫ్‌లో (ఆర్5, ఆర్8 లాంటి వాటి లెన్స్ మౌంట్) బయటి కంపెనీల ఫుల్ ఫ్రేమ్ ఆటోఫోకస్ లెన్సులు చాలా తక్కువ, అక్కడ వైడ్ కావాలంటే దాదాపు కేనన్‌దే కొనాలి, బడ్జెట్ అక్కడే దెబ్బతింటుంది. కుమార్ కోప్పడకు.

చెడు: కంప్రెస్డ్ రా పెడితే అది లాసీ, అంటే కొంత వివరం పోతుంది, గాఢమైన చీకటి వెలుగుల అంచు దగ్గర బాగా లాగితే చెత్త కనిపించొచ్చు. అన్‌కంప్రెస్డ్ పెట్టుకోవాలి, అప్పుడు ఫైల్ 80 ఎంబీ దాటుతుంది. ఏ7ఆర్ 4 అయితే ఒక్కోటి 120 దాకా. లాస్‌లెస్ కంప్రెషన్ ఏ7 4, ఏ7ఆర్ 5లలో వచ్చింది, అవి కొత్తవైతే లెన్స్‌తో కలిపి మీ బడ్జెట్ దాటతాయి.

నికాన్ జడ్7 వైపు వెళ్తే ఒకటి చూసుకోండి. సెన్సార్ మీద ఫోకస్ పిక్సెల్స్ వరసలుంటాయి, సూర్యుడు లెన్సులో నేరుగా పడి ఫ్లేర్ వచ్చినప్పుడు, షాడోస్ గట్టిగా లాగితే సన్నటి గీతలు కనపడొచ్చు. అప్పట్లో సోనీ ఏ7 3కి కూడా ఇదే మాట వచ్చింది. రోజూ వచ్చే సమస్య కాదు, కానీ మీరు తీసేది సూర్యుడికి ఎదురుగానే.

కొత్తది, ఖరీదైనది అయితే రేంజ్ ఎక్కువుంటుందని కూడా అనుకోకండి. స్పీడ్ కోసం చేసిన స్టాక్డ్, సగం స్టాక్డ్ సెన్సార్లు చాలావరకు బేస్ ఐఎస్ఓ దగ్గర కొంచెం వెనకే ఉంటాయి. నికాన్ జడ్6 3 దాని ముందు మోడల్ జడ్6 2 కంటే తక్కువ ఐఎస్ఓల దగ్గర వెనకబడింది. మీకు సెకనుకి ఇన్ని ఫ్రేములన్నది అక్కర్లేదు, ఆ డబ్బు ఎందుకు కట్టాలి? అలాగే ఏ కెమెరా అయినా సైలెంట్ షట్టర్ పెట్టే ముందు దాని మాన్యువల్ పుస్తకం చూడండి, కొన్నిట్లో రా 14 బిట్ నుంచి 12కి పడిపోతుంది, అప్పుడు షాడోస్ లాగడానికి మిగిలేది తక్కువ.

నైట్‌మోడ్_నాని · #15

ఎస్పీ రోడ్‌లో మా రూమ్మేట్ ఒక షాపులో లెన్స్ తీసుకున్నాడు, బిల్లు లేకుండా పదిహేను వేలు తక్కువకి. ఆరు నెలలకి ఫోకస్ మోటార్ పోయింది, సర్వీస్ సెంటర్‌లో ఇండియా వారంటీ లేదన్నారు, షాపువాడు మేం సార్ బిల్లే ఇవ్వలేదు కదా అన్నాడు 😂 జాగ్రత్త బ్రో.

అడ్మిన్ · #16

షాపుల పేర్లు, ఫోన్ నంబర్లు ఇక్కడ పెట్టొద్దు. అమ్మకాలకి వేరే విభాగం ఉంది.

పాత_నికాన్ · #17

సెకండ్ హ్యాండ్ చూసేటప్పుడు షట్టర్ కౌంట్ (ఇప్పటిదాకా ఎన్ని ఫోటోలు తీసిందో) ఒక్కటే కాదండీ. ఎఫ్16లో తెల్ల గోడనో ఆకాశాన్నో ఫోకస్ తప్పించి తీయండి, సెన్సార్ మీద దుమ్ము, గీతలు అన్నీ బయటపడతాయి. లెన్స్ వెనక నుంచి ఫోన్ టార్చ్ వేసి ఫంగస్ చూడండి, బెంగళూరు వానాకాలం బ్యాగుల్లో పడుకున్న లెన్సులకి అది మామూలే. మౌంట్ దగ్గర స్క్రూలు గీసుకుపోయి ఉంటే ఎవరో విప్పారని అర్థం.

వీలైతే ముందు అద్దెకి తీసుకుని ఒక శని ఆదివారాలు తిప్పండి. కోరమంగళ వైపు అద్దెకిచ్చేవాళ్లు ఉన్నారు.

బెల్లందూర్_భాస్కర్ · #18

అందరికీ అప్‌డేట్. జడ్7 2, 14-30 అద్దెకి తీసుకున్నా, టీమ్‌లో ఒకాయన దగ్గర ఏ7ఆర్ 3 ఉంటే అదీ అడిగి తీసుకున్నా. శుక్రవారం రాత్రి బయల్దేరి కదిరి, పులివెందుల మీదుగా గండికోట. మబ్బు మీద, లోయ మీద స్పాట్ మీటర్‌తో కొలిస్తే 8 కంటే కొంచెం ఎక్కువే వచ్చింది.

రెండింట్లోనూ బేస్ ఐఎస్ఓ, ఎఫ్8, ఒకే ఫ్రేము. నికాన్‌లో హైలైట్ వెయిటెడ్ మీటరింగ్ అని ఒకటి ఉంది, దాన్ని పెడితే ఆకాశాన్ని అదే కాపాడుకుంటాది, ఇంక నేను కదిపేది తక్కువ. సోనీలో కూడా అట్లాంటిదే ఉంది, మెనూలో వెతుక్కునేసరికి రంగు పోయింది. ఇంటికొచ్చి రెండిట్లోనూ షాడోస్ 4 స్టాపులు లాగినా. నిజం చెప్తున్నా, పేర్లు దాచిపెట్టి చూస్తే ఏది ఏదో నేను చెప్పలేను. 700డీలో తీసింది మటుకు పక్కన పెట్టగానే నవ్వొచ్చింది. గడ్డి ఊగుతా ఉన్నా బాధ లేదు, ఒకే ఫ్రేము కదా. లోయ కింద పెన్న నీళ్లు, అవతలి గోడలో రాతి పొరలు, అన్నీ కనపడతా ఉన్నాయి.

అందుకే రేంజ్ సంగతి వదిలేసి మిగతావి చూసినా. ఆ 14-30 నచ్చింది. చలికి వేళ్లు బిగుసుకుపోయినా నికాన్ పట్టు బాగుంది, అది నా చేతికి, మీ చేతికి వేరే ఉండొచ్చు. జడ్7 2 కొత్తది బడ్జెట్ దాటతాది. మొదటి జడ్7 సెకండ్ హ్యాండ్ ఒకటి వైట్‌ఫీల్డ్‌లో మాట్లాడుకున్నా, సెన్సార్ 45 మెగాపిక్సెల్, అదే 64 ఐఎస్ఓ. కార్డు స్లాట్ ఒకటే, అదీ ఎక్స్‌క్యూడీ, ఆ కార్డు రేటు చూసి కళ్లు తిరిగినాయి. ఫర్మ్‌వేర్ అప్‌డేట్ చేస్తే సీఎఫ్ఎక్స్‌ప్రెస్ కూడా పడుతుందంట, దానికీ ఏం తక్కువ లేదు.

కవిత_కేఆర్‌పురం · #19

మంచి పని చేశారు. సూర్యుడు ఫ్రేములో ఉన్నప్పుడు ఆ గీతలేమైనా కనిపించాయా? స్లాట్ ఒకటే కాబట్టి ట్రిప్పుల్లో రాత్రికి రాత్రే ల్యాప్‌టాప్‌లోకి కాపీ చేసుకోండి.

బెల్లందూర్_భాస్కర్ · #20

సూర్యుడు అంచు మీద ఉన్నప్పుడు తీసిన ఒక దాంట్లో 5 స్టాపులు లాగి 200 శాతం జూమ్ చేస్తే సన్నగా కనపడినాయి మేడమ్, 4 దగ్గర లేవు. చేత్తో సూర్యుడికి అడ్డం పెట్టి తీసిన దాంట్లో అస్సలు లేవు, తర్వాత ఆ చెయ్యి ఫోటోలోంచి తీసెయ్యాల అంతే.

కేనన్_కుమార్ · #21

సరే పో, ఇంకో మనిషిని పోగొట్టుకున్నాం. ఆ 700డీ ఏం చేస్తావ్? మా మేనల్లుడు కెమెరా కావాలంటున్నాడు.

గుట్టల_మల్లేశ్ · #22

మ్యాజిక్ లాంటర్న్ ఎక్కించి ఇయ్యి అన్నా పోరనికి. గానీ ముందు రెండు కెమెరాల రా ఫైల్స్ ఇక్కడ పెట్టు, మేం కూడా లాగి చూస్తం. పేర్లు పెట్టకు, ఒకటి, రెండు అని పెట్టు. మాస్టారు ఏది నికానో చెప్తరేమో చూద్దాం.

బెల్లందూర్_భాస్కర్ · #23

పెడతా అన్నా, ఇంట్లో నెట్ నిన్నటి నుంచి సచ్చిపోయింది, సోమవారం ఆఫీసు నుంచి. 700డీ గురించి కుమార్ అన్నకి మెసేజ్ పెట్టినా.